‘స’ వినిపించే స్పీకరు



మా నాన్న భిలాయి ఉక్కు కర్మాగారంలో, రోలింగు మిల్లులో, ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాడు. రిటైరైన కొత్తలో ఆయన రేడియో పెడితే, నేను సైకిలు మీద వీధి మలుపు తిరుగుతుండగానే వార్తలు వినపడేవి. అంత గట్టిగా పెట్టుకుని కూడా మధ్యమధ్యలో అమ్మ వైపు తిరిగి "ఏటన్నాడు?" అని అడిగేవాడు. అమ్మ చెప్పేది. అదీ సగమే అందేది. ‘పాలు’ అంటే ‘కాలు’ అనుకునేవాడు, ‘సీత’ అంటే ‘ఈత’ అనుకునేవాడు. గొంతు వినపడుతోంది, మాట అందడం లేదు.

ఇవాళ నేను చెప్పబోయేది ఇంట్లో పాట వినడానికి తయారయ్యే మేలురకం స్పీకర్లు, ఆంప్లిఫయర్ల గురించి, వాటిని చేస్తున్న చిన్న చిన్న కంపెనీల గురించి. అది డబ్బున్నవాళ్ల ముచ్చట కదా, మిల్లు కార్మికుడి చెవితో మొదలుపెట్టాడేమిటి అనుకోవచ్చు మీరు. నాకు ఆ సామగ్రి మీద ఆసక్తి పుట్టింది ఆ చెవి వల్లనే.

మోత వల్ల వచ్చే చెవుడు మామూలుగా 4,000 హెర్ట్జ్ చుట్టుపక్కల మొదలవుతుంది. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న చిన్న భాగం ఒకటి ఉంది. అందులో వెంట్రుకల్లాంటి మొనలున్న కణాలు శబ్దాన్ని అందుకుంటాయి. ఏళ్ల తరబడి మోత తగిలితే ఆ శ్రుతి దగ్గరి కణాలు ముందుగా చచ్చిపోతాయి. చచ్చినవి మళ్లీ మొలవవు. మనం మాట్లాడేటప్పుడు అచ్చులు కింది శ్రుతిలో బలంగా పలుకుతాయి. స, శ, త, చ లాంటి హల్లుల ఆనవాళ్లు పై శ్రుతిలో, చాలా సన్నగా ఉంటాయి. చెవుడు మొదట ఎత్తుకుపోయేది వీటినే. అప్పుడు వాల్యూమ్ పెంచితే ఏమవుతుంది? అసలే బలంగా ఉన్న అచ్చులు ఇంకా బలపడతాయి, కింది శ్రుతి పొంగి ఆ సన్నటి హల్లుల్ని కప్పేస్తుంది. అందుకే నాన్న రేడియో వీధంతా వినపడేది, నాన్నకు తప్ప.

మన ఫ్యాక్టరీల నిబంధనల్లో ఎనిమిది గంటల పనికి 90 డెసిబెల్స్ అని హద్దు ఉంది. ఇప్పుడు డ్యూటీలో ఉన్న తమ్ముళ్లకు ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. చెవికి పెట్టుకోమని ఇచ్చిన ప్లగ్గుల్ని జేబులో ఉంచకండి, చెవిలోనే పెట్టుకోండి. ఎంత ఖరీదైన స్పీకరూ పోయిన కణాన్ని తెచ్చి ఇవ్వలేదు.

నాకు ఉద్యోగం వచ్చాక, నాన్న కోసమని ఒక హోమ్ థియేటరు కొన్నాను. కంపెనీ పేరు అనవసరం. అయిదు చిన్న పెట్టెలు, ఒక పెద్ద బాస్ పెట్టె, అట్టపెట్టె మీద వేల వాట్లని పెద్ద అంకె. మా క్వార్టరులో ముందు గది పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. సిమెంటు గోడలు, సిమెంటు కప్పు, సిమెంటు నేల. బాస్ పెట్టెను చోటు లేక మూలకు నెట్టాం. ఇక ఏ పాట పెట్టినా కింద ఒకటే గుమ్ముమన్న హోరు. నాన్న వారం రోజులు ఓర్చుకుని, "మిల్లు ఇంటికొచ్చేసినట్టుందిరా" అన్నాడు.

ఆ హోరు ఎక్కడి నుంచి వచ్చిందో చాలా కాలానికి గానీ నాకు తెలియలేదు. పన్నెండడుగుల దూరంలో ఎదురెదురుగా ఉన్న రెండు గోడల మధ్య సుమారు 47 హెర్ట్జ్ శబ్దం సరిగ్గా ఇముడుతుంది. పదడుగుల గోడల మధ్య 56. ఆ శ్రుతులు పాటలో కాస్త తగిలినా చాలు, గది వాటిని పట్టుకుని ఊపుతుంది. మూలలో పెడితే ఇంకా ఎక్కువ ఊపుతుంది. మృదంగం తొప్పి, తబలా బాయా, సినిమా పాటలో బాస్ గిటారు, అన్నీ ఒకే కుండలోంచి పలికినట్టు ఉంటాయి. వట్టి గోడల మధ్య శబ్దం తిరిగి తిరిగి వచ్చి మాటను కూడా అలికేస్తుంది. స్పీకరు అమ్మేవాడు గది గురించి ఒక్క ప్రశ్న అడగలేదు. అడగాలని నాకూ తెలియదు.

అక్కడి నుంచి నేను పుస్తకాలు తిరగేయడం, తెలిసినవాళ్లను అడగడం, ఎక్కడికి వెళ్లినా స్పీకర్ల దుకాణం కనబడితే ఆగి వినడం మొదలైంది. హైదరాబాదు వెళితే కోఠీ గుజరాతీ గల్లీలో ఒక పూట గడిచిపోయేది. ఈ లోకంలో గట్టిదనాన్ని అమ్మేవాళ్లు ఎక్కువ, స్పష్టతను అమ్మేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మన దేశంవాళ్లు ఉన్నారని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషమే ఈ ప్రసంగానికి కారణం.

మనకు ఈ పని కొత్త కాదు. కలకత్తాలో అశోక్ ముఖర్జీ 1970లో సోనోడైన్ పెట్టారు. విదేశీ స్టీరియో మీద సుంకాలు ఆకాశంలో ఉన్న రోజులవి. బొంబాయి నుంచి కాస్మిక్ వంటి పేర్లు కూడా ఉండేవి. మన భిలాయి హౌరా–ముంబై లైను మీద ఉంది కాబట్టి అటు కలకత్తా సరుకు, ఇటు బొంబాయి సరుకు రెండూ అందేవి. కొనలేనివాళ్లకు పక్క క్వార్టరు ఎలక్ట్రీషియన్ మావయ్య ఉండేవాడు. డ్యూటీ దిగి వచ్చి, 2ఎన్3055 ట్రాన్సిస్టర్లతో సొంతంగా ఆంప్లిఫయరు కట్టేవాడు. వినాయక చవితి పందిట్లో అది తొమ్మిది రోజులు ఆగకుండా పాడేది. 1991 తర్వాత విదేశీ సరుకు వరదలా వచ్చింది, చాలా దేశీ పేర్లు కొట్టుకుపోయాయి. సోనోడైన్ మాత్రం నిలబడి, రికార్డింగు స్టూడియోలవాళ్లు వాడే మానిటర్ స్పీకర్లు చేసే స్థాయికి ఎదిగింది.

తర్వాతి తరంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన కథ కొచ్చిది. జేకబ్ జార్జ్ వృత్తిరీత్యా ఆర్కిటెక్టు, ఇళ్లు గీసే మనిషి. ఆయన పెట్టిన స్పీకర్ల కంపెనీ పేరు రిథమ్. మోడళ్ల పేర్లు చూడండి: భావ, తృష్ణ, మార్గ, సాధన. పరాయి దేశపు కొనుగోలుదారు నోరు తిరగక తడుముకున్నా ఫరవాలేదు అనుకుని పెట్టిన పేర్లు ఇవి. ఆ ధైర్యం నాకు నచ్చింది. అయితే పేరు కంటే ముఖ్యం లోపలి పని.

మామూలు స్పీకరు పెట్టెలో రెండో మూడో స్పీకర్లు ఉంటాయి. కింది శ్రుతికి పెద్దది, పై శ్రుతికి చిన్నది. వాటి మధ్య శబ్దాన్ని పంచిపెట్టే ఏర్పాటును క్రాసోవర్ అంటారు. చాలా పెట్టెల్లో ఆ పంపకం జరిగే చోటు 2,000, 3,000 హెర్ట్జ్ మధ్య. అంటే సరిగ్గా మాటకు ప్రాణమైన చోట, మన చెవి చాలా చురుగ్గా ఉండే చోట, ఒక గొంతును రెండు ముక్కలు చేసి రెండు స్పీకర్ల చేత పాడించడం. నేర్పున్నవాళ్లు ఆ అతుకు తెలియకుండా చేస్తారు, నేర్పు లేనివాళ్ల చేతిలో గొంతు చిరుగుతుంది. రిథమ్ వాళ్లు అసలు ఆ అతుకే వద్దనుకున్నారు. పాటలో చాలా భాగాన్ని ఒకే కాగితపు కోను చేత పలికిస్తారు. దాని వెనక శబ్దాన్ని మలుపులు తిప్పుతూ నడిపించే దారి ఒకటి కట్టారు, ఆర్కిటెక్టు కదా. అట్టడుగు శ్రుతికి మాత్రం వేరే స్పీకర్లు, వాటికి పెట్టె లోపలే సొంత ఆంప్లిఫయరు.

ఈ పద్ధతికి లోపం లేదా అంటే, ఉంది. ఒకే కోనుతో అంత మేర పలికించే స్పీకర్లకు పై శ్రుతిలో కొన్ని చోట్ల అరిచే స్వభావం ఉంటుంది, నేరుగా ఎదురుగా కూర్చున్నవాడికి ఒకలాగా, పక్కన కూర్చున్నవాడికి ఇంకొకలాగా వినపడుతుంది. ఏళ్ల తరబడి కోను మీద, పెట్టె మీద కూర్చుని ఆ అరుపును తగ్గించుకుంటూ రావడమే అలాంటి కంపెనీ చేసే అసలు పని. ఒక మనిషి ఒకే సమస్యను ఇరవై ఏళ్లు వదలకుండా పట్టుకోవడం నాకు గొప్పగా తోస్తుంది.

ఢిల్లీలో వీరేన్ బక్షీ నడిపే లిరిటా ఇంకో దారి పట్టింది. వాళ్లవి వాల్వ్ ఆంప్లిఫయర్లు, చేత్తో తీగ తీగా కలిపి టంకం పెట్టి కట్టేవి. ఆ రకం వాల్వులలో పేరుమోసిన 300బి ఉంది, 1930ల నాటి అమెరికా పుట్టుక. అది ఒంటరిగా పనిచేస్తే వచ్చేది సుమారు ఎనిమిది వాట్లు. ఎనిమిది వాట్లతో ఏం వినగలం అనుకుంటాం. ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. స్పీకరుకు ఒక వాటు ఇచ్చి మీటరు దూరంలో కొలిస్తే 85 డెసిబెల్స్ వచ్చేవి ఉన్నాయి, 95 వచ్చేవీ ఉన్నాయి. ఆ పది డెసిబెల్స్ తేడా అంటే పది రెట్ల వాట్ల తేడా. మొదటిదానికి 80 వాట్లు పోస్తే ఎంత పలుకుతుందో రెండోది 8 వాట్లకే అంత పలుకుతుంది. అట్టపెట్టె మీద వాట్ల అంకె చూసి కొనేవాళ్లు ఈ రెండో అంకె అడగరు. నేనూ అడగలేదు. మే నెలలో మన ఊళ్లో ఎండ 45 డిగ్రీలు తాకేటప్పుడు గదిలో ఇంకో కుంపటిలాంటి వాల్వులు ఎందుకు అని ఎవరైనా అంటే నేను వాదించను. చలికాలం రాత్రి ఆ వాల్వుల వెలుగు పక్కన కూర్చుని ఒక వీణ కచేరీ విన్నవాళ్లు కూడా వాదించరు.

పుణెలో కేడెన్స్ ఉంది. సన్నటి పొర ఒకటి బిగించి, దాన్ని విద్యుత్ క్షేత్రంలో కదిలించి పలికించే స్పీకర్లు వాళ్లవి, కింద బాస్‌కు మామూలు స్పీకరు. ఆ పొర బరువు దాదాపు గాలిబరువు, అందుకే తంబురా తీగ మీటినట్టు కాక తీగే అక్కడ ఉన్నట్టు ఉంటుంది.

ఇక మన ఉక్కు ఊరివాళ్లు చెవి రిక్కించి వినాల్సిన సంగతికి వస్తాను. స్పీకరు అంటే కాగితం, అయస్కాంతం అనుకుంటాం. 1925లో అమెరికాలో రైస్, కెలాగ్ అనే ఇద్దరు ఇంజనీర్లు దాని రూపం స్థిరపరిచారు. మామూలు స్పీకరుకు ఇవాళ్టికీ అదే రూపం. కోనుకు తీగచుట్ట అతికించి, దాన్ని అయస్కాంతం సందులో వేలాడదీస్తారు. కానీ అయస్కాంతపు బలాన్ని తెచ్చి ఆ సన్నటి సందులో నిలబెట్టేది ఉక్కు. తక్కువ కార్బన్ ఉన్న మెత్తని ఉక్కు. అయస్కాంతం పైన ఒక ఉక్కు బిళ్ల, మధ్యలో ఉక్కు స్తంభం. అలాంటి ప్రతి స్పీకరు గుండెలోనూ ఉన్నది మన సరుకే.

ఉక్కుకు ఒక గుణం ఉంది. దాని పక్కన కరెంటు పారించి, ఆపేస్తే, అయస్కాంత గుణం పూర్తిగా పోదు. కొంచెం మిగులుతుంది. నిన్నటి మాట పట్టుకుని ఇవాళ కూడా కాస్త అటే మొగ్గే మనిషిలాగా, ఉక్కు కాస్త వెనకబడి మారుతుంది. దీన్ని హిస్టెరిసిస్ అంటారు, కర్మాగారం లేబొరేటరీలో పనిచేసినవాళ్లకు తెలిసిన మాటే. పాట సాగుతుండగా తీగచుట్టలో కరెంటు సెకనుకు వేలసార్లు అటూ ఇటూ మారుతుంది. ఉక్కు ప్రతిసారీ ఆ పాత జ్ఞాపకంతో వెనకబడుతుంది. ఆ వెనకబాటు పాటలో లేని కొత్త శ్రుతుల్ని సన్నగా కలుపుతుంది, గాజు మీద పల్చటి మరకలాగా.

డెన్మార్క్‌లో ప్యూరిఫై అనే చిన్న కంపెనీ ఈ మరక వెంట పడింది. బ్రూనో పుట్జేస్, లార్స్ రిస్బో, పీటర్ లింగ్డార్ఫ్ కలిసి పెట్టినది. పుట్జేస్ బెల్జియం మనిషి, అంతకుముందు ఫిలిప్స్‌లో ఉండగా క్లాస్ డి ఆంప్లిఫయర్లలో కొత్త దారి తీశాడు. తీసుకున్న కరెంటును వేడిగా వృథా పోనివ్వకుండా దాదాపు అంతా స్పీకరుకు అందించే రకం అవి, మన ఎండలకు సరిపోయేవి. ప్యూరిఫైలో వాళ్లు స్పీకరు గుండెలోని ఉక్కు చేసే అల్లరిని కొలిచారు, కొలిచినదాన్ని అందరికీ తెలిసేలా రాసిపెట్టారు, దాన్ని తగ్గించే అయస్కాంతపు నిర్మాణం తయారుచేశారు. కోను చుట్టూ ఉండే రబ్బరు అంచు కూడా కదలికతో పాటు గాలిని తోసే వైశాల్యాన్ని మారుస్తుందని గమనించి, దాన్ని నున్నగా కాక ఎగుడుదిగుడు అలలుగా పోతపోశారు. చూడటానికి వింతగా ఉంటుంది. నూరేళ్ల పాత యంత్రంలో అందరూ చూసి వదిలేసిన చోట కూర్చుని కొలవడం, ఆ కొలత దాచకుండా చెప్పడం, నా దృష్టిలో నమ్మదగిన కంపెనీ గుర్తు ఇదే. కొలత చెప్పకుండా మాటలు మాత్రమే చెప్పేవాడి దగ్గర, లక్ష రూపాయల తీగ కొంటే గొంతు మెరుగవుతుందనేవాడి దగ్గర, నా కష్టార్జితం పెట్టను. ఆ తీగ డబ్బుతో గోడకు పుస్తకాల బీరువా, నేలకు దళసరి జంపఖానా కొనండి. మీ గది మారుతుంది, పాట మారుతుంది.

డెన్మార్క్‌వాళ్లు కొలిచిన ఈ ఉక్కు జ్ఞాపకం గురించి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మన కర్మాగారం కథే కళ్ల ముందు తిరిగింది. 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం, 1959 ఫిబ్రవరిలో రాజేంద్ర ప్రసాద్ గారి చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు. విజయనగరం నుంచి రాయపూర్‌కు 1931లో పూర్తయిన రైలు మార్గం మీదుగా, ట్రంకుపెట్టెలతో వచ్చిన మన పెద్దలు ఇక్కడ ఉక్కు భాష నేర్చుకున్నారు. 130 మీటర్ల ఏకఖండం పట్టా తీసే ఊరు ఇది. నందినీ రోడ్డు వర్క్‌షాపుల్లో, హథ్‌ఖోజ్ షెడ్లలో లేత్ ముందు నిలబడి వెంట్రుకవాసి తేడా వేలితో చెప్పే పనివాళ్లు ఉన్నారు. స్పీకరు సందు కోయడానికి కావలసినది ఆ చెయ్యే. 2016లో మొదలైన ఐఐటీ ఇప్పుడు ఇక్కడే ఉంది, కొలిచే పనిముట్లు తెలిసిన పిల్లలు ఉన్నారు. కొచ్చిలో ఒక ఆర్కిటెక్టు చేయగలిగినప్పుడు, మన ఇంజనీరింగు పిల్లలు నలుగురు, ఒక లేత్ మేస్త్రీ, ఒక వడ్రంగి కలిస్తే ఇక్కడ ఎందుకు కాదు? పెద్ద పెట్టుబడి కన్నా ముందు ఒక జత స్పీకర్లు చేసి, కొలిచి, విప్పి, మళ్లీ చేసే ఓపిక కావాలి. ఇంట్లో పాడైతే ఫోను ఎత్తి, మనిషిని పంపి బాగుచేసే బాధ్యత కావాలి. విదేశీ పెట్టె చెడిపోతే నెలల తరబడి మూలనపడి ఉండటం నేను చూశాను.

వాళ్లు చేసే స్పీకరును దేంతో పరీక్షించాలో కూడా చెబుతాను. దుకాణాల్లో ఎప్పుడూ పరదేశపు జాజ్ పాటో, గాజుగ్లాసుల చప్పుడో పెడతారు. మనం మన గొంతుతో మొదలుపెడదాం. మన ఊరికి పక్కనే ఉన్న గనియారి పల్లె నుంచి వచ్చిన తీజన్ బాయి గారు పండవానిగా భారతకథ చెప్పేటప్పుడు భీముడి గర్జన నుంచి ద్రౌపది గుసగుస దాకా ఒక్క ఊపిరిలో దిగుతారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్న గొంతు అది. ఆ దిగడంలో మాట చెదరకూడదు. తర్వాత విజయనగరం మహారాజా సంగీత కళాశాలకు 1936లో ప్రిన్సిపాలైన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి వయొలిన్, పాత 78 ఆర్‌పీఎం రికార్డు. ఆ రికార్డుల్లో పై శ్రుతులు అంతగా ఉండవు. మంచి స్పీకరు లేనిది కల్పించదు, కానీ కమాను తిరిగే చోట ఆ చిన్న తటపటాయింపును చెరపదు. రెండు స్పీకర్లను పోల్చేటప్పుడు రెండిటినీ సమానమైన గట్టిదనంలో వినండి. కొంచెం గట్టిగా పలికేది ఎప్పుడూ మేలైనదనిపిస్తుంది, అమ్మేవాళ్లకు ఆ సంగతి బాగా తెలుసు.

నేను చివరికి ఒక చిన్న జత కొన్నాను, ఆంప్లిఫయరు లోపలే ఉన్నవి. లక్షలు కావు. హోమ్ థియేటరు ఇచ్చేశాం. గోడకు రెండడుగులు ముందుకు జరిపి, నాన్న కుర్చీకి మీటరున్నర దూరంలో, ఆయన చెవి ఎత్తున స్టాండు మీద పెట్టాను. ఆ స్టాండు మావయ్య కొడుకు వెల్డింగు చేసి ఇచ్చాడు. ఎదుటి గోడకు అమ్మ పాత బొంత వేలాడదీశాం. అమ్మకు అది చూడటానికి బాగోలేదు, ఒప్పుకుంది.

పార్వతీపురం దగ్గర పల్లె నుంచి వచ్చిన మనిషి కదా, మొదట ద్వారం వారి వయొలిన్ పెట్టాను. నాన్న ఏమీ అనలేదు. రికార్డు అయిపోయాక కూడా అలాగే కూర్చున్నాడు. తర్వాత సాయంత్రం వార్తల వేళయింది. పాత అలవాటుకొద్దీ నేను వాల్యూమ్ బాగా పెంచి, ఎదురుచూశాను. రెండు మూడు వార్తలు గడిచాయి. అమ్మ వైపు తిరగలేదు, ఏమన్నాడని అడగలేదు. కాసేపటికి నా వైపు చూసి, చెయ్యి కిందికి ఆడించాడు.

"కాస్త తగ్గించరా," అన్నాడు.